ఎవరి చేతి కాయ

పొద్దున గాజు షెడ్డు తలుపు తీసేసరికే మగ పువ్వులన్నీ విచ్చుకుని, పసుపు మొహాలేసుకుని, పనీపాటా లేనివాళ్ళలా తీగల వెంట బారులు తీరి ఉండేవి. వాటిని చూడగానే మేస్త్రమ్మకి ఒళ్ళు మండేది. కర్బూజా తీగకి ముందు పూసేవి ఇవే. ఆడ పువ్వు జాడ కూడా లేని రోజుల్లోనే గుంపులు గుంపులుగా పూసేసి, ఎవరిని చూసుకునో అంత మురిసిపోయి, మధ్యాహ్నం దాకా ఇకిలించి, సాయంత్రానికి ముడుచుకుని రాలిపోతాయి. వాటి కింద పిందె ఉండదు, ముందూ వెనకా ఏ బాధ్యతా ఉండదు. ఉన్నదల్లా ఒట్టి కాడ.

"పిలవకముందే వచ్చి కూర్చునే చుట్టాల్లా ఎలా దాపురించాయో చూడండి" అనేది ఆమె, బుట్ట చంకన పెట్టుకుని వరసల మధ్య నడుస్తూ.

పోనీ ఆడ పువ్వంటే గౌరవమా అంటే అదీ లేదు. అది ఆలస్యంగా, పక్క కొమ్మల మీద ఒకటీ అరా, గడ్డం కింద గోలీకాయంత పిందెని ముందే తగిలించుకుని మరీ పూస్తుంది. "పెళ్ళి కాకముందే ఉయ్యాల కట్టించుకున్న ముఖం" అని మేస్త్రమ్మ మూతి విరిచేది. రంగు పూసుకోవడం, వాసన కొట్టుకోవడం, లోపల తీపి చుక్క దాచుకుని దారిన పోయే తేనెటీగని రా రమ్మనడం, దాని కాళ్ళకి అంటిన పొడిని జిగురు పెదవుల మీద అద్దించుకోవడం, ఇదంతా ఆమె దృష్టిలో సిగ్గులేని సంసారం. అలాంటి సంసారాన్ని తన ఎదుట, తన చేతుల మీదుగా జరిపించవలసి రావడం తన ఖర్మ అని ఆమె నమ్మేది.

జరిపించక తప్పదు మరి. గాజు షెడ్డులోకి ఈగ రాదు, గాలి రాదు. మగ పువ్వుని తుంపి, రేకులు వెనక్కి ఒలిచి, నడిమి పసుపు మొనని ఆడ పువ్వులో ఉన్న మూడు పెదవులకీ అద్దాలి. అద్దిన ఒక్కో రేణువూ సన్నని వేరులాంటి గొట్టం ఒకటి దింపుకుని, పెదవి లోంచి పిందె లోపలికి దిగి, అక్కడ ఎదురుచూస్తున్న ఒక్కో గింజనీ చేరుకుంటుంది. ఒక రేణువుకి ఒక గింజ. పొడి చాలకపోతే గింజ కట్టదు, గింజ కట్టనివైపు కాయ వంకరపోతుంది. ఈగ పుణ్యానికి చేసే ఈ పనిని షెడ్డులో ఆడవాళ్ళు జీతానికి చేసేవారు, వాళ్ళందరి మీదా మేస్త్రమ్మ పెత్తనం చేసేది.

కాయ ఎప్పటిలాగే అద్దిన చేతి గుణం పట్టుకుని పెరిగేది. అందుకే ఎవరు అద్దిన పువ్వు కాడకి వాళ్ళ రంగు దారం కట్టడం అక్కడ పద్ధతి. కొనేవాళ్ళు కూడా కాయని గిల్లి, వాసన చూసి, "ఎవరి చేతిది?" అని అడిగి మరీ పట్టుకెళ్ళేవారు. అందరిలోకీ వయసులో పెద్దదైన పెద్దక్క కాయ తింటే నోరు ఆగదు, కడుపులో మాటలన్నీ కక్కేస్తారు. కాబట్టి గుట్టున్న ఇళ్ళలోకి దాన్ని రానివ్వరు. ఇంట్లో పెళ్ళాంతో రోజూ తగువుపడే పంపు మెకానిక్ ఒకసారి సరదాపడి అద్దిన కాయ తీగ మీదే పెఠేలుమని పగిలింది. ఇక ఓనరుగారు ఫోటో కోసం ఒక పువ్వు అద్దారు. అరచేతి మందం తొక్క, లోపల ఒట్టి డొల్ల. దాన్నే పళ్ళెంలో పెట్టి, కుళ్ళి కారిందాకా ఆఫీసు బల్ల మీద ఉంచుకున్నారు.

మేస్త్రమ్మది తెల్ల దారం. ఆమె కాయ కొలతపెట్టి గీసినంత గుండ్రంగా, తొక్క మీద గీతలు అల్లినంత పొందిగ్గా ఉండేది. తిన్నవాళ్ళు మొదట చొక్కా కాలరు సర్దుకునేవారు. తరవాత నడుం నిటారుగా పెట్టుకునేవారు. ఆ తరవాత పరీక్ష తప్పిన సంగతీ, తమని పిలవని పెళ్ళి సంగతీ, కిందటేడాది వేసుకున్న మాసిన బట్టల సంగతీ వరసగా గుర్తొచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, మెల్లిగా లేచి వెళ్ళిపోయేవారు. అయినా ఆ కాయకి గిరాకీ తక్కువేం కాదు. చుట్టాలు తొందరగా బయల్దేరాలని కోరుకునే ఇళ్ళవాళ్ళు తెల్ల దారం కాయ కోసమే వచ్చేవారు. పళ్ళ డాక్టరు ఒకాయన వాళ్ళ అత్తగారికి క్రమం తప్పకుండా పంపేవాడు.

ఈ సంగతి తెలియని మనిషి ఒక్క మేస్త్రమ్మే. ఆమె ముందు ఎవరు చెబుతారు? "మీ కాయకి ఎంత గిరాకీయో!" అనేవారు, అది అబద్ధమూ కాదు. తను మాత్రం తనదే కాదు, ఎవరి కాయా నోట పెట్టేది కాదు. "దాని పుట్టుక కళ్ళారా చూసి ఎలా తింటారే మీరంతా!" అని చీదరించుకునేది. తన కాయ తిన్నవాళ్ళు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటారని ఎవరో చెబితే విని, జనానికి మర్యాద నేర్పే కాయ ఊళ్ళో ఇదొక్కటేనని లోలోపల పొంగిపోయేది.

ఆమె కూతురిది ఆకుపచ్చ దారం. పిల్ల చిన్నప్పటినుంచీ షెడ్డులోనే పెరిగి, ఇప్పుడు లోడింగు గేటు దగ్గరి వరసలో పనిచేసేది. దాని కాయని వాళ్ళమ్మ "చప్పిడి" అనేది. నిజానికి ఆ కాయ తింటే ఎవరో ఎదురుగా కూర్చుని మన మాట చివరిదాకా వింటున్నట్టు ఉంటుంది. ఆసుపత్రి నుంచి నర్సులు వచ్చి ఉన్నవన్నీ మూటగట్టుకుపోయేవారు. తినేవాళ్ళలో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకునేవారు కూడా. మేస్త్రమ్మకి అది మరీ అసహ్యం.

ఒకరోజు పండ్ల కొట్టు నడిపే పిన్ని సగం కోసిన ఆకుపచ్చ దారం కాయ పట్టుకుని షెడ్డుకి వచ్చింది. ఊరందరికీ ఆవిడ పిన్నే, ఆవిడ మాత్రం మేస్త్రమ్మని వదినా అని పిలిచేది.

"వదినా, మీ అమ్మాయి కాయలకి ఏమైంది?"

"ఏమవుతుంది? ఎప్పుడూ ఉన్న చప్పిడేగా."

"చప్పిడైతే నేనెందుకు వస్తాను? తిన్నవాళ్ళంతా ముక్క చేతిలో పట్టుకుని వీధివైపు చూస్తున్నారు. నిన్న మా ఆయన రెండు ముక్కలు తిని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరి కోసమండీ అంటే తెలీదంటాడు. చీకటిపడి లోపలికి లాక్కొచ్చేదాకా అక్కడే! నర్సులైతే రోగులంతా కిటికీలకి అతుక్కుపోతున్నారని కాయలన్నీ వాపసు తెచ్చారు."

మేస్త్రమ్మ కూతురి వరస దగ్గరికి వెళ్ళింది. కూతురు పువ్వు ఒలుస్తోంది, కళ్ళు మాత్రం ఒలిచే పువ్వు మీద లేవు. ఆ కళ్ళ వెంబడి చూస్తే గేటు కనిపించింది. గేటు అవతల వ్యాను, వ్యాను పక్కన పెట్టెలెక్కిస్తూ, ఈల వేస్తూ, వ్యాను డ్రైవరు.

ఆ సాయంత్రం ఇంట్లో మేస్త్రమ్మ చెప్పులు కూడా విడవకుండా మొదలుపెట్టింది. వాళ్ళది రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన బల్ల దగ్గర ఆమె భర్త కంట్లో భూతద్దం బిగించుకుని గడియారం విప్పుతున్నాడు. ఆయనకి అదే పని, అదే లోకం. ఇంట్లో ఎంత రాద్ధాంతం జరిగినా ఆయన పట్టకారు వణికేది కాదు.

"వ్యానువాడా?" అంది మేస్త్రమ్మ.

కూతురు గిన్నె తోముతూ ఆగింది. "అవునమ్మా."

"వాడికి ముందుకీ వెనక్కీ నడపడం తప్ప ఇంకేం తెలుసే? బూట్లకి లేసులుండవు, నోటికి బ్రేకులుండవు. వాడు తల దువ్వుకోగా నువ్వెప్పుడైనా చూశావా? నేను చూళ్ళేదు."

"ఒక్కసారి కూర్చుని మాట్లాడితే నీకే తెలుస్తుంది."

"నేనా? వాడితోనా? ఏం మాట్లాడాలి, టైర్ల గురించా?"

"నీకు ఎవరు నచ్చారు చెప్పు ఇప్పటిదాకా?" కూతురి గొంతు పెరగలేదు, అది ఎప్పుడూ పెరగదు. "బడి పంతులుగారి అబ్బాయిది బోడి నవ్వన్నావు. మందుల షాపతను నడుస్తుంటే బాతులా ఉన్నాడన్నావు. ఎవర్నీ గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు."

"దాటించదగ్గవాళ్ళయితే దాటించేదాన్ని."

"సరే. నీ కళ్ళూ వద్దు, నా కళ్ళూ వద్దు. అతని చేత పువ్వు అద్దించు. కాయ ఎలా చెబితే అలా."

ఆ వీధుల్లో సంబంధం కుదుర్చుకునే తీరు అదే. ముఖం చూసి మోసపోవచ్చు, మాట విని మోసపోవచ్చు. అందుకని పిల్లవాడి చేతో పిల్ల చేతో ఒక పువ్వు అద్దించి, కాయ పండేదాకా ఓపిక పట్టి, పదిమందిలో కోసి తిని, అప్పుడు అవునో కాదో తేల్చుకునేవారు. కాదనడానికి మేస్త్రమ్మకి దారి లేదు. షెడ్డుకి పెద్ద తనే అయి కాయ మీద నమ్మకం లేదని ఏ మొహంతో అంటుంది?

"అద్దించు. ఏ పిచ్చికాయ కాస్తుందో నేనూ చూస్తాను" అంది.

"నువ్వూ తినాలమ్మా. తల్లి తినకుండా తీర్పు చెల్లదు."

"తింటాలే! విషమా ఏమిటి?"

భర్త భూతద్దం తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

పువ్వుని మేస్త్రమ్మే ఎంచింది. షెడ్డు చివరి వరసలో, పొద్దున విచ్చుకోబోయే ఆడ మొగ్గని చూసి, ఇంకొకరి చేయి తగలకుండా సాయంత్రమే దాని రేకుల మొన దారంతో బిగించింది. ఇదీ పద్ధతే. కానీ తెల్లారీ తెల్లారకముందు, ఇంకా ఎవరూ రాకముందు తాళం తీసుకుని లోపలికి వచ్చింది. ఇది పద్ధతి కాదు.

తప్పు చేస్తున్నానన్న ఆలోచనే ఆమెకి లేదు. వాడు ఎలాంటివాడో తనకి తెలుసు. తెలిసినదాన్ని కాయ కూడా చెప్పాలి, అంతే. ఒకవేళ చెప్పకపోతే? కాయ తియ్యగా ఉండి, అందరూ బాగుంది బాగుంది అని, పిల్ల మూట సర్దుకుని ఆ వ్యానెక్కి వెళ్ళిపోతే? సాయంత్రాలు ఆ రెండు గదుల్లో తనూ, గడియారాలూ, ఆ మాట్లాడని మనిషీ మిగిలితే? ఆమెకి భయం వేసింది. భయపడేవాళ్ళంటే ఆమెకి చులకన గనక, దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకుంది.

దారం విప్పి, ఇంకా బద్ధకంగా ఉన్న రేకుల్ని వేలితో విడదీసింది. ఓ మగ పువ్వుని తుంపి ఒలిచింది. మూడు పెదవులకీ, ఎక్కడా సందు మిగలకుండా, చేయి తిరిగిన మనిషి అద్దినట్టు అద్దింది. ఇంకో పువ్వు ఒలిచి, దాన్నీ అద్దింది. ముందు పడ్డ పొడిదే కాయ. వెనక ఎంత వచ్చి పడ్డా అది వాకిట్లో కూర్చోవలసిందే, లోపల చోటుండదు. ఈ కాయని తిన్నవాళ్ళు "ఎంత మర్యాద తెలిసిన కాయ! ఇలాంటి కాయకి తగిన చెయ్యా వీడిది!" అనాలి. తన చేతిది వాడి దారంతో బయటికి వస్తే జనం నమ్మరనీ, ఏదో దొంగతనం చేశాడని వాడినే తరిమేస్తారనీ లెక్క వేసింది. తన కాయ రుచి ఎవరికైనా ఎంత గొప్పదిగా తోస్తుందో, దానికి వాడు ఎంత దూరమో ఆమెకి అంత గట్టి నమ్మకం. రేకులు మళ్ళీ దగ్గరికి చేర్చి, అదే ముడి, అదే బిగువుతో దారం కట్టేసింది.

కాస్త పొద్దెక్కాక డ్రైవరు వచ్చాడు. తల దువ్వుకున్నాడు, అయితే వెనకవైపు మరిచిపోయాడు. బూట్లకి ఎవరివో కొత్త లేసులు. పెద్దక్క పక్కన నిలబడి నేర్పుతోంది.

"మూడింటికీ అంటాలి నాయనా. ఒకవైపే అద్దితే కాయ మూతి వంకర తిరుగుతుంది."

"నొప్పి పుడుతుందా అండీ దీనికి?" అన్నాడు డ్రైవరు.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. మేస్త్రమ్మ నవ్వలేదు. అతను పువ్వు మీదికి వంగి, "కొంచెం ఓర్చుకోండి" అని పువ్వునే బతిమాలి, తడబడుతూ అద్దాడు. సగం పొడి బూట్ల మీద రాలింది. ఎర్ర దారం కట్టాడు, ముడి పడక రెండోసారి కట్టాడు. ఇక బస్తాడు పొడి కుమ్మరించినా ఒకటే అనుకుంది మేస్త్రమ్మ.

పిందె నిలిచింది. పువ్వు మామూలుగానే రంగు పోగొట్టుకుని, ఎండి, కాయ చివర చింకిగుడ్డలా వేలాడింది. ఒక్క పూట ముస్తాబుకి ఇదీ ఆఖరు అని మేస్త్రమ్మ వెక్కిరింపుగా చూసి వెళ్ళేది. కాయ మాత్రం ఊరింది. ఎంత చక్కగా ఊరిందంటే వల వేసి వేలాడదీసినా అది వల మీద వాలలేదు. పక్క ఆకు తగిలితే తగలనివ్వనట్టు కాస్త ఎడంగా, నిక్కుగా ఉండేది. ఆ వరసలో పనిచేసే ఆడవాళ్ళు దాని ముందుకొచ్చేసరికి చీర చెరగు సర్దుకుని గబగబా నడిచేవారు. పెద్దక్క ఒకసారి దాన్ని చాలాసేపు చూసింది. తరవాత మేస్త్రమ్మని చూసింది. ఎప్పుడూ ఆగని ఆ నోరు అప్పుడెందుకో ఆగిపోయింది.

డ్రైవరు రోజూ పెట్టెలెక్కించాక వచ్చి కాయ ముందు నిలబడేవాడు. రాను రాను అతని ముఖం పాలిపోయింది. ఈల మానేశాడు.

"ఇది నా వైపు చూడటంలేదు పెద్దక్కా" అన్నాడొకరోజు. "నేనేం పాపం చేశానంటావ్?"

"పండనీ" అంది పెద్దక్క, అంతకంటే పెంచలేదు.

పండింది. తొడిమ దగ్గర బీటవారి, వాసన షెడ్డంతా పట్టింది. టీ తాగే గదిలో పొడుగు బల్ల తుడిచి, కాయని నడుమ పెట్టారు. షెడ్డు ఆడవాళ్ళు గోడ వారన సర్దుకున్నారు, పండ్ల కొట్టు పిన్ని తలుపు దగ్గర నిలబడింది. గడియారాలాయన్ని ఎవరో పిలుచుకొచ్చారు. వెలుతురికి ఒక కన్ను చికిలిస్తూ చివర స్టూలు మీద కూర్చున్నాడు. కూతురూ డ్రైవరూ బల్లకి ఆ చివరా ఈ చివరా ఉన్నారు. పెద్దక్క కత్తి దించింది. కాయ చప్పుడు చెయ్యకుండా, సమంగా రెండుగా విడిపోయింది. లోపల గింజలు వరస తప్పకుండా కిక్కిరిసి ఉన్నాయి.

ముక్కలు చేతులు మారాయి. నోట్లో పెట్టుకున్నవాళ్ళు పెట్టుకున్నట్టే ఒక్కొక్కరూ నమలడం మానేశారు. పిన్ని కాలరు లేకపోయినా మెడ దగ్గర ఏదో సర్దుకుంది. వెనక వరసలో ఒకావిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

"మీరూ తినాలి మేస్త్రమ్మా" అంది పెద్దక్క.

మేస్త్రమ్మ ముక్కు ముడిచి, ముక్క అంచు కొరికింది. తియ్యగా ఉంది. అయ్యో, తియ్యగా ఉందే అనుకునేలోపు రెండో సంగతి వచ్చింది. ఏదో ఆఫీసులో కౌంటరు ముందు చాలాసేపు నిలబడితే అవతల మనిషి తల ఎత్తకుండా కాగితాలు తిరగేస్తున్నట్టు అనిపించింది. తరవాత తల ఎత్తి, తన చెప్పుల దగ్గర మొదలుపెట్టి జుట్టుదాకా చూసి, మళ్ళీ కాగితాల్లోకి వెళ్ళిపోయినట్టు అనిపించింది. చెప్పు పట్టీ తెగి పిన్నీసు పెట్టుకున్న సంగతి గుర్తొచ్చింది. బడిలో అందరి ముందూ పద్యం మరిచిపోయిన రోజు గుర్తొచ్చింది. ఏం మాట్లాడినా తప్పే అవుతుందనిపించింది. ఇంత వయసొచ్చాక, ఇంతమంది మీద పెత్తనం చేశాక, ఒక కాయ ముక్క తనని పురుగుని చూసినట్టు చూస్తోంది. ఆమెకి ఏడుపు వచ్చినంత పనైంది.

ఆ వెంటనే సంతోషం వచ్చింది. తన చేతి కాయ రుచి ఇది ఎలా అవుతుంది? తన పొడి పట్టలేదన్నమాట. వీడి చేయే గెలిచింది. వీడి అసలు రంగు ఇదన్నమాట! తను చేసిన దొంగపని కూడా వృథా, కాయ అబద్ధం చెప్పదు.

ఆమె ముక్కని బల్ల మీద గిరాటేసి లేచింది.

"తిన్నారా? ఇప్పుడు చెప్పండి! నేనంటే మీ అందరికీ చెడ్డదాన్ని. నోటి నిండా నవ్వు, లోపల ఇంత పొగరా? కళ్ళు నెత్తికెక్కిన మనుషుల్ని చూశాను గానీ ఇంతలా ఎక్కినవాళ్ళని చూళ్ళేదు. దీని పక్కన నా కూతురు ఎలా బతుకుతుంది? నవ్వితే తప్పు, కూర్చుంటే తప్పు, ఒక మాటంటే తప్పు. పొద్దున లేచింది మొదలు ఇలా పురుగుని చూసినట్టు చూస్తుంటే మనిషి మనిషిలా మిగులుతుందా?"

డ్రైవరు చేతిలోని ముక్క కిందపడింది.

"నేను... నేనిలాంటివాణ్ణా?" అన్నాడు. అతని గొంతులో నిజంగా భయం ఉంది. కూతురివైపు తిరిగి, "నాకు తెలీదు. నాలో ఇది ఉందని నాకు తెలీదు. మీ అమ్మగారు అన్నది నిజమే, నువ్వు రావద్దు. నిన్ను ఇలా చూస్తానంటే నేనే ఒప్పుకోను" అన్నాడు.

కూతురు తన ముక్కని ఆఖరిదాకా తిని, తొక్క పళ్ళెంలో పెట్టి, చేతులు తుడుచుకుంది.

"మిగిలాను కదమ్మా" అంది.

"ఏమిటే?"

"మనిషి మిగులుతుందా అన్నావుగా. మిగిలాను. పుట్టినప్పట్నించీ ఇంట్లో రోజూ ఇదే మింగుతున్నాను. నాకు ఈ రుచి తెలీదనుకున్నావా? అతని చేతి కాయ నేనెప్పుడూ తినలేదు, తినక్కర్లేదు కూడా. ఇది మాత్రం నీ చేతిది."

"నోర్ముయ్! నాది... నా కాయ ఎలా ఉంటుందో ఊరికంతా తెలుసు!"

"తెలుసు వదినా" అంది తలుపు దగ్గరి పిన్ని, నేల చూస్తూ. "అందరికీ తెలుసు."

మేస్త్రమ్మ గోడ వారన ఉన్నవాళ్ళవైపు చూసింది. ఒక్కరైనా కాదంటారేమోనని ఒక్కొక్క ముఖమూ వెతికింది. తను రోజూ కసురుకునే ముఖాలు, తను పేర్లు పెట్టి నవ్విన ముఖాలు. వాళ్ళు కోపంగా లేరు. కోపమైతే ఇంకా నయంగా ఉండేది. ఆమె మీద జాలిపడుతున్నారు.

"మీరైనా చెప్పండి!" అని ఆమె భర్తని గద్దించింది.

గడియారాలాయన నోరు తుడుచుకున్నాడు. తీరిగ్గా, విడిభాగాలు పేర్చినట్టు ఒక్కో మాటా పెట్టాడు.

"మన సంబంధం అప్పుడు మీ నాన్నగారు నీ కాయ పంపారు. మావాళ్ళు తలా ఒక ముక్క తిని లేచిపోయారు. మిగతాదంతా నేనే తిన్నాను. ఇది అదే."

"మరైతే ఎందుకు చేసుకున్నారు నన్ను?"

ఆమె అడిగినదానికి అబద్ధం చెప్పడం ఆయనకి అలవాటు లేదు. ఆమె ఎప్పుడూ ఏదీ అడగలేదు గనక.

"అంత కాయ పారెయ్యడం ఎందుకులే అనిపించింది" అన్నాడు.

కూతురు బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఇంకా నేల మీది ముక్కనే చూస్తున్న డ్రైవరు భుజం తట్టింది. "లే. అది నీది కాదు" అంది. అతనికి అర్థంకావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ముందు మేస్త్రమ్మ దగ్గరికి వచ్చి, "వస్తామండి" అన్నాడు, పువ్వుతో మాట్లాడినంత మెల్లిగా. గేటు దగ్గర వ్యాను స్టార్టయిన చప్పుడు వినిపించింది. పక్కసీటు తలుపు ఒకసారి సరిగా పడక, రెండోసారి పడింది.

మధ్యాహ్నం తీగలు కట్టే పని ఉంది గనక ఆడవాళ్ళు ఒక్కొక్కరే షెడ్డులోకి జారుకున్నారు. పెద్దక్క కత్తి కడిగి, బల్ల మీద పెట్టి వెళ్ళింది. గడియారాలాయన కూడా లేచి, ఆమె ముందు కాస్త ఆగి, "రా" అని గానీ "ఉండు" అని గానీ అనకుండా ఇంటిదారి పట్టాడు.

బల్ల మీద ఎవరూ ముట్టుకోని సగం కాయ మిగిలింది. మేస్త్రమ్మ దాని ముందు కూర్చుంది. అది ఆమెని అడుగు నుంచి పైదాకా చూసింది. పైట సర్దుకుని, చెప్పు పిన్నీసు కనపడకుండా కాలు బల్ల కిందికి లాక్కుని, ఆమె ఇంకో ముక్క కోసుకుంది.